నలభై ఒకటో నత్తరాయి

మా నాయిన పేరు ప్రభుదాసు. ఇప్పుడు ఎల్.బి.నగర్ అని పేరు పెట్టి ప్లాట్లు కోస్తున్న చోట కంకర కొడతాడు. మధ్యాహ్నం నేను సద్ది తీసుకుని కొత్తపేట నుంచి నడిచి వెళ్తాను. అందరూ రాయి ముందు పెట్టుకోగానే సుత్తితో కొడతారు. మా నాయిన మాత్రం ప్రతి రాయినీ ముందు చేతిలోకి తీసుకుని ఒకసారి తిప్పి చూస్తాడు.

"ఏం దాసన్నా, రాయికి పెండ్లిచూపులా?" అంటాడు మేస్త్రీ.

"కట్నం తక్కువైందేమో, అడుగుతుండు" అంటుంది ఇంకొకామె. అందరూ నవ్వుతారు.

మా నాయిన నవ్వడు. కోపం కూడా చెయ్యడు. ఆ నల్లరాతి లోపల చూడడానికి ఏమీ ఉండదని అక్కడున్న అందరికంటే ఆయనకే బాగా తెలుసు. చేతికి పడిన అలవాటు పోలేదు, అంతే.

ఆ అలవాటు ఆయనకు పదకొండేళ్లలో పడింది. నగరంలో ఒక కాలేజీలో రాళ్ల పాఠం చెప్పే రామారావు సారు వెంట ఆయన సంచులు మోసేవాడు. సారుది కోస్తా. ప్రతి చలికాలం సారు పిల్లల్ని రైలెక్కించి, గుజరాత్‌లో కచ్ఛ్ అనే చోటికి తీసుకుపోయేవారు. సుత్తులు, గోనెసంచులు, పాత పేపర్ల కట్టలు మా నాయిన నెత్తిమీద. ప్రతి మార్చిలో ఉద్యోగం తీసేసేవారు, జూన్‌లో మళ్లీ పెట్టుకునేవారు. ఆయన పేరు ఎప్పుడూ పర్మనెంటు పుస్తకంలోకి ఎక్కలేదు.

కచ్ఛ్‌లో భుజ్ అనే ఊరి దగ్గర గుట్టలున్నాయి. ఒకప్పుడు అక్కడ సముద్రం ఉండేదట. పదహారు కోట్ల ఏళ్ల కిందట, జురాసిక్ కాలం అని సారు చెప్పేవారు. ఆ సముద్రంలో గుల్ల మోసుకుని తిరిగే ఒక ప్రాణి ఉండేది. చచ్చాక గుల్లలోకి బురద నిండింది, బురద రాయైంది, గుల్ల ఆకారం ఆ రాతిలో నిలిచిపోయింది. చుట్టచుట్టుకుని, పైన పక్కటెముకల్లా గీరలతో ఉంటుంది. సారు దాన్ని అమ్మోనైట్ అంటారు. నత్తకూ దానికీ చుట్టరికం దూరమట. అయినా మా నాయిన నత్తరాయి అనే అంటాడు.

పిల్లలు సుత్తితో బాదితే నత్తరాళ్లు మూడు ముక్కలయ్యేవి. మా నాయిన ముందు చిన్న రాయితో తట్టి విని, ఎక్కడ డొల్లగా పలుకుతుందో అక్కడ ఉలి మొన ఆనించేవాడు. రెండు దెబ్బలు, మూడోది అవసరం పడేది కాదు. ఏడో తరగతి తప్పినవాడు. కానీ ఏ గీర ఏ గుట్టదో, ఏ పొరదో చూడగానే చెప్పేవాడు. ఎమ్మెస్సీ పిల్లలు పరీక్ష ముందు చాటుగా వచ్చి ఆయన్నే అడిగేవారు.

మంచివి కాలేజీకి పోతాయి. విరిగినవి, ఒకేలాంటివి గుట్టమీదే పారేస్తారు. ఆ పారేసినవాటిలోంచి ఏరుకుని ఏడాదికి నాలుగైదు ఇంటికి తెచ్చేవాడు. సారు దగ్గరే అడిగి తెచ్చేవాడు, దొంగతనంగా కాదు. ఇంట్లో బియ్యపు డబ్బా పక్కన చెక్కపెట్టెలో గడ్డి పరిచి పెట్టేవాడు. ప్రతి రాయికీ ఒక నంబరు. నేను బడికి పోయేదాన్ని కాబట్టి చీటీలు రాయడం నా పని. ఏ గుట్ట, ఏ పొర, ఏ నెల, ఏ ఏడు. కింద 'ప్రభుదాసు' అని రాయాలి.

"చీటీ పోతే ఇది ఒట్టి రాయి, బిడ్డా" అనేవాడు. "ఎక్కడ పుట్టిందో చెప్పలేని రాయిని ఎవ్వడు ముట్టడు."

ఒకసారి విరిగిన ముక్కమీద నిమ్మకాయ పిండి చూపించాడు. బుసబుసమని సన్నగా నురగ పొంగింది.

"లోపల సున్నం. పులుపు తగిలితే కరుగుతది. గీరలన్ని పోతయి, మొఖం లేనట్టైతది. మన్ను పోగొట్టాలంటే ఒట్టి నీళ్లు, ఏపపుల్ల. అంతే."

మా అమ్మ ఎలీశమ్మకు ఈ పెట్టె అంటే పడేది కాదు. "మొగుళ్లు ఊరికి పోతే చీరలు తెస్తరు, బొట్టుపెట్టె లేకున్నా పూసలన్న తెస్తరు. నా మొగుడు నత్తలు తెస్తడు. వండుదమంటే ఉడకయి" అనేది. మేము వినేలాగే అనేది, కానీ పెట్టెమీద తడిబట్ట ఎప్పుడూ పడనిచ్చేది కాదు.

నలభై ఒకటో నంబరు 1968 డిసెంబరులో వచ్చింది.

ఆ బృందంలో ఒక పద్ధతి ఉండేది. చివరి రోజు సాయంత్రం గోనెసంచుల మూతులు దబ్బనంతో కుట్టేశాక ఎవరికి ఏం దొరికినా అది వాళ్లదే, మళ్లీ సంచులు విప్పరు. ఆ రోజు సంచులు కుట్టేసి, చేతులు కడుక్కోవడానికి వాగులోకి దిగిన మా నాయినకు గట్టు మన్నులో ఒక గుండ్రటి అంచు కనిపించింది. అరచేయంత ఉంది. పసుపు రంగు. దగ్గరగా చూస్తే ఆవగింజలు అద్దినట్టు బంగారు రేణువులు. గుల్ల మూతి పెదవితో సహా ఎక్కడా విరగలేదు. పైపొర లేచిన చోట ఆకుల అంచుల్లాంటి గీతలు.

సారు దాన్ని లాంతరు దగ్గర పెట్టి చాలాసేపు చూశారట. "పదిహేనేళ్లలో ఇలాంటిది నేనెప్పుడూ చూళ్ళేదయ్యా దాసూ. మూతి ఇంత శుభ్రంగా దొరకదు. సరే, పద్ధతి పద్ధతే, నీదే ఇది. జాగ్రత్తగా ఉంచు, పనికొస్తుంది" అన్నారు.

పనికొచ్చే రోజు జనవరిలోనే వచ్చింది. తెలంగాణ ఉద్యమం లేచింది. ముల్కీలు కానివాళ్లు, అంటే ఇక్కడి స్థానికులు కానివాళ్లు, ఇక్కడి ఉద్యోగాలు వదలాలన్నారు. కాలేజీలో రాళ్ల మ్యూజియం చూసుకునే అటెండరు బాపిరాజు భీమవరం అతను. ఫిబ్రవరిలో పెట్టె సర్దుకుని వెళ్లిపోయాడు. ఆ జాగా ఖాళీ అయింది. పర్మనెంటు ఉద్యోగం. ముల్కీకే ఇవ్వాలి.

సారు మా నాయినను పిలిచి చెప్పారు. "ముల్కీ సర్టిఫికెట్ తెచ్చుకో. కమిటీలో నలుగురుంటారు. ఏడో తరగతివాడికి మ్యూజియం ఎందుకని అడుగుతారు. అప్పుడు ఆ రాయి వాళ్ల ముందు పెట్టు. ఇది దొరకబట్టినవాడు ఇతనే అంటాను నేను. ఇంక ఎవరూ మాట్లాడలేరు."

మా నాయిన ఆ రోజు దిల్‌సుఖ్‌నగర్ బస్టాపు నుంచి ఇంటిదాకా పరుగులాంటి నడకతో వచ్చాడు. ఆ అద్దాల బీరువాలకు తాళంచెవులు తన మొలకు వేలాడుతాయని అమ్మకు చెప్పాడు. అమ్మ నవ్వింది, ఎగతాళి చెయ్యకుండా.

సర్టిఫికెట్ కావాలంటే ముందు ఊరి పటేలు రాసివ్వాలి, వీడు ఇక్కడివాడే అని. మా పటేలు జనార్ధన్. కొత్తపేట వెనక ఆయనకు నలభై ఎకరాల ద్రాక్షతోట. పటేలు వాళ్ల నాన్న కాలంలో మా ముత్తాత అదే నేలలో మోట కొట్టాడు. మా తాత అక్కడే పాముకాటుతో పోయాడు. మా అమ్మ ఇప్పటికీ అక్కడే గుత్తులు కోస్తుంది. బడులు మూతపడ్డాక తొమ్మిదో తరగతి మధ్యలో ఆపేసి నేనూ అక్కడికే పనికి పోయేదాన్ని. మేము ఇక్కడివాళ్లమని ఆయనకు తెలియని పగలు లేదు.

అయినా మూడుసార్లు తిప్పాడు. దరఖాస్తు చదవడానికి నేను వెంట ఉండేదాన్ని. నాలుగోసారి వెళ్లినప్పుడు ఆయన అరుగుమీద కుర్చీలో కూర్చుని పుల్లతో పళ్లు కుట్టుకుంటున్నాడు.

"ఏందిరా దాసుగా, మల్ల ఒచ్చినవ్?"

"గా ముల్కీ కాగితం, పటేలా."

"కోస్తోళ్లు గుడ గా కాగితానికే తిరుగుతుండ్రు. నువ్వు ఇక్కడోనివని ఏం గ్యారంటీ?"

మా నాయిన నవ్వాడు. పటేలు కూడా నవ్వాడు. గడప లోపలి నుంచి ఆయన తల్లి సోమమ్మ గొంతు వచ్చింది.

"వీడేనా సాలిగ్రామాలు జమ చేసేటోడు?"

"సాలిగ్రామం కాదమ్మా. సముద్రంల గుల్ల. రాయి అయింది."

"చుట్టుకొని ఉంటదా?"

"ఉంటది."

"చక్రమే కదరా మరి!"

"సాలిగ్రామం నల్లగుంటది తల్లీ. గండకి నదిల దొరుకుతది. నా కాడ ఉన్నది పసుపుపచ్చ."

"బంగారు రంగుదైతే ఇంక మేలు" అంది సోమమ్మ. "కొనద్దు, అమ్మద్దు దాన్ని. ఇచ్చినోని చేతుల నుంచి తీసుకోవాలె."

పటేలు పుల్ల పారేశాడు. "విన్నవ్ గదా. రేపు తీసుకొని రా. కాగితం గుడ తే."

మా నాయిన నిలబడ్డచోటే నిలబడ్డాడు. "పటేలా, అది ఇంటర్వ్యూల చూపియ్యాలె. అది లేకుంటే నౌకరి రాదు."

"ఎవడు గుంజుకుంటుండ్రా? ఇంటర్వ్యూ దాక అమ్మ పూజల ఉంటది. ఆ రోజు తీసుకపో. మల్ల తెచ్చియ్యి."

ఆ రాత్రి అమ్మ అన్నం తినలేదు. "మన ఇంటి రాయి ఆళ్ల ఇంట్ల దేవుడైతదా? పాస్టరుకు తెలిస్తే ప్రభువు బల్ల కాడికి రానియ్యడు."

"రెండు నెలలకే" అన్నాడు మా నాయిన. "నేను మొక్కుతలేను కదా. రాయిని దాచిపెడుతున్న, అంతే."

మరునాడు రాయిని అరుగు అంచున పెట్టి మేము పక్కకు జరిగాం. సోమమ్మ చెంబుతో నీళ్లు చల్లి, పని చేసే రాములమ్మతో, "ముందుగాల మైల పోవాలె. మంచిగ కడుగు" అంది. నేను రాసిన చీటీ దారంతో సహా తెగి కింద పడింది.

రాములమ్మ దాన్ని బాయిగట్టుకు తీసుకుపోయింది. ఆ రోజు గురువారం. శుక్రవారం పూజకు ఇత్తడి సామాను తోముతున్నారు. పళ్లెంలో చింతపండు ముద్ద, ఇటుకపొడి, కొబ్బరి పీచు. రాములమ్మ దీపపు కుందులు తోమిన చేత్తోనే రాయిని తీసుకుని, చింతపండు ముద్ద దానిమీద పెట్టి రుద్దింది. నేను గట్టుకు పదడుగుల దూరంలో ఉన్నాను. గీరల మధ్య సన్నటి నురగ నాకు కనిపించింది.

నేను నోరు తెరిచాను. అటు చూస్తే అరుగు దగ్గర మా నాయిన చేతులు కట్టుకుని పటేలు ముందు వంగి నిలబడి ఉన్నాడు. ఆయన ముఖం ఎటు ఉందో నాకు కనిపించలేదు. పటేలు కలం మూత తీస్తున్నాడు.

నేను నోరు మూసుకున్నాను. దొరసాని ఇంట్లో, వాళ్ల దేవుణ్ణి ఎలా కడగాలో తోటలో గుత్తులు కోసే పిల్ల చెప్పడమా అనుకున్నాను. రాములమ్మ చెంబు నీళ్లతో రాయిని కడిగేసింది. ఒక్కసారికి ఏమవుతుందిలే అనుకున్నాను. సంతకం అయింది. చీటీ ఏరుకుని ఇంటికి వచ్చాం.

రెండు నెలలు అనుకున్నది తొమ్మిది నెలలైంది. కాలేజీ మూతపడింది. బస్సులు ఒకరోజు తిరిగితే నాలుగు రోజులు ఆగేవి. కాల్పులు, కర్ఫ్యూ. ఇంటర్వ్యూ తేదీ మూడుసార్లు మారింది. సారు భార్యాపిల్లల్ని బెజవాడ పంపేసి ఒక్కరే మలక్‌పేట గదిలో ఉన్నారు. కూరగాయలు కూడా మా నాయినే తెచ్చిచ్చేవాడు. బయటికి రావలసి వస్తే పక్కనే నడిచేవాడు, ఎవరైనా రాయి విసిరితే అడ్డం ఉండాలని. "నువ్వు ముల్కీవి, నన్ను కాపాడుతున్నావేంటయ్యా" అని సారు ఒకసారి నవ్వారట.

ఆ తొమ్మిది నెలలూ ప్రతి గురువారం నేను తోటలో ఉన్నాను. బాయిగట్టు తోట నుంచి కనిపిస్తుంది. ఏ గురువారమూ అటు తల తిప్పలేదు.

నవంబరులో తేదీ ఖాయమైంది. ఆ పొద్దున పటేలు ఇంటికి వెళ్లాం. సోమమ్మ ఎర్రగుడ్డలో చుట్టి, తాను ముట్టకుండా అరుగుమీద పెట్టించింది. "దారిల ఇప్పద్దు. దిష్టి తగులుతది" అంది.

గేటు దాటాక మా నాయిన నడక ఆగింది. గుడ్డ విప్పలేదు. గుడ్డ మీదనుంచే బొటనవేలు ఒకసారి అటు, ఒకసారి ఇటు పోనిచ్చాడు. పదకొండేళ్లు వేళ్లతో రాళ్లు చదివిన మనిషి. దిల్‌సుఖ్‌నగర్ బస్టాపులో రెండు బస్సులు పోయేదాకా కూర్చున్నాడు. మూడో బస్సుకు లేచి, "పా, బిడ్డా, కాగితమన్న ఉన్నది కదా" అన్నాడు.

ఇంటర్వ్యూ గది కిటికీ వరండాలోకి తెరుచుకుని ఉంది. నేను కిటికీ పక్కనే నిలబడ్డాను. నలుగురు కూర్చుని ఉన్నారు. చివరి కుర్చీలో సారు, బాగా చిక్కిపోయి. మధ్యలో ఉన్న పెద్దమనిషి సర్టిఫికెట్ చూసి, "ముల్కీ ఉన్నది. కానీ ఏడో తరగతి తప్పినవ్. మ్యూజియం ఎట్ల చూస్తవ్?" అన్నాడు.

మా నాయిన ఎర్రగుడ్డ విప్పి బల్లమీద పెట్టాడు.

కుంకుమ అంటిన ఒక గుండ్రటి రాయి. నున్నగా, సగం అరిగిన సబ్బుబిళ్లలా ఉంది. పెదవి లేదు, గీరలు లేవు. వెలుగుకు ఏటవాలుగా పెడితే మధ్యలో ఒక చుట్ట ఉందేమో అనిపిస్తుంది.

"ఇదేంది?"

"అమ్మోనైట్ సార్. కచ్ఛ్‌ల జూరా గుట్టది. మూతితోని సహా ఉండె."

"మూతి ఏది?"

మా నాయిన సారువైపు చూశాడు. సారు ఆ రాయిని గుర్తుపట్టారు. ఆయన చెయ్యి బల్లమీదకు వచ్చింది, మళ్లీ వెనక్కి పోయింది. అంత మంచి రాయిని కాలేజీ రిజిస్టరులో ఎందుకు ఎక్కించలేదని అడుగుతారని భయపడ్డారేమో. కోస్తా సారు తన మనిషికి వంత పాడుతున్నాడంటారని భయపడ్డారేమో. నాకు తెలియదు. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి.

"పూజ రాయి తెచ్చిండయ్యా మ్యూజియంకు" అన్నాడు పెద్దమనిషి. ఇద్దరు నవ్వారు. మా నాయిన రాయిని మళ్లీ గుడ్డలో చుట్టుకున్నాడు.

ఆ ఉద్యోగం కోస్తా నుంచి వచ్చి సైదాబాద్‌లో కొత్తగా గది కిరాయికి తీసుకున్న ఒకతనికి వచ్చింది. అతని ముల్కీ కాగితం మీద కూడా జనార్ధన్ పటేలు సంతకమే ఉందని తర్వాత తెలిసింది.

ఇంటికి వచ్చి మా నాయిన పెట్టె దించాడు. వాన కురిసి వాకిలి బురదగా ఉంది. నీళ్లు పారబోసే జాలారు దగ్గర కాలు దిగబడుతోందని అమ్మ చాలా రోజులుగా అంటోంది. నలభై రాళ్లనూ ఒక్కొక్కటే అక్కడ పరిచి, మడమతో లోపలికి తొక్కాడు. "గట్ల చేయకయ్యా" అని అమ్మే అడ్డం వచ్చింది. "ఇన్నొద్దులు ఉడుకుతలేవంటివి. ఇప్పుడు కాళ్లకింద పనికొస్తయి" అన్నాడు. చీటీలు నేను తీసి బైబిల్లో పెట్టాను. అవి ఇప్పటికీ ఉన్నాయి, రాళ్లు లేకుండా.

వారం తర్వాత పటేలు ఇంటి నుంచి కబురొచ్చింది. దేవుణ్ణి ఎప్పుడు తెస్తారని. మేమిద్దరం వెళ్లాం. పటేలు అరుగుమీద ఉన్నాడు.

"నౌకరి రాలేదంటగా దాసుగా? నేనైతే సంతకం పెట్టిన. నాది తప్పు లేదు."

"లేదు, పటేలా."

సోమమ్మ నీళ్లు చల్లి, రాములమ్మ చేత రాయిని తీయించింది. వెలుగులో తిప్పించి చూసుకుంది. "మా ఇంటికొచ్చినంక ఎంత కళ ఒచ్చిందో చూడు. నీ కాడ ఉన్నప్పుడు గరుకు గరుకు ఉండె" అంది.

మా నాయిన తల ఊపాడు.

తిరిగి వస్తుంటే ద్రాక్షతోట కంచె పక్కన నాకు ఇక ఆగలేదు. తొమ్మిది నెలలుగా గొంతులో ఉన్న మాట బయటికి వచ్చింది.

"నాయినా, మొదటి రోజే చూసిన. బాయికాడ రాములమ్మ చింతపండు పెట్టి రుద్దింది. నురగ ఒచ్చింది. నేను చెప్పలే."

ఆయన నా వైపు చూడలేదు. ఖాళీ సంచి ఒక భుజం మీది నుంచి ఇంకో భుజానికి మార్చుకున్నాడు.

"నేను గుడ చూసిన, బిడ్డా" అన్నాడు. "అప్పటికి పటేలు కలం ఇంక కాగితం మీద పెట్టలే."